కరెంటు పోయి వచ్చినా టీమ్‌స్పీక్ సర్వర్ తనంతట తానే మొదలవ్వాలంటే

ప్రశ్న: మాది కావలి, ఉద్యోగం ఒంగోలులో. ఇంట్లోని పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు వేసి, వేరే ఊళ్లలో ఉన్న మా బావలూ తమ్ముళ్లూ రాత్రిపూట మాట్లాడుకోవడానికి టీమ్‌స్పీక్ 3 సర్వర్ నడుపుతున్నాను. స్టార్టప్ అప్లికేషన్స్‌లో దాన్ని చేర్చాను. అయినా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అమ్మకు ఫోన్ చేసి, పాస్‌వర్డ్ చెప్పి లాగిన్ చేయిస్తే గాని సర్వర్ పనిచేయడం లేదు. దారి ఏమిటి?

జవాబు: స్టార్టప్ అప్లికేషన్స్‌లో చేర్చినవి యంత్రం మొదలైనప్పుడు కాదు, ఎవరైనా లాగిన్ అయినప్పుడే నడుస్తాయి. అందుకే మీ సర్వర్ మీ అమ్మగారి కోసం ఎదురుచూస్తోంది. లాగిన్‌తో పని లేకుండా మొదలవ్వాలంటే దాన్ని సిస్టమ్‌డికి (యంత్రం మొదలవగానే ప్రోగ్రాములను నడిపి చూసుకునే ఉబుంటులోని భాగం) సర్వీసుగా అప్పగించాలి.

ఈటీసీలోని సిస్టమ్‌డి ఫోల్డర్‌లో సిస్టమ్ అనే మరో ఫోల్డర్ ఉంటుంది. అందులో టీమ్‌స్పీక్.సర్వీస్ పేరుతో చిన్న ఫైలు సృష్టించండి (ఇక్కడ చెప్పే ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి). యూనిట్ భాగంలో వాంట్స్‌కూ ఆఫ్టర్‌కూ నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ అని ఇవ్వండి. సర్వీస్ భాగంలో యూజర్ దగ్గర మీ లాగిన్ పేరు రాయండి. బయటి నుంచి కనెక్షన్లు తీసుకునే ప్రోగ్రామును రూట్‌గా, అంటే సర్వాధికారాలున్న ఖాతాతో, నడపడం నాకు ససేమిరా నచ్చదు. మీరు చేత్తో నడిపే స్టార్ట్‌స్క్రిప్టు సర్వర్‌ను తెర వెనక నడిచేలా వదిలి తాను ముగిసిపోతుంది కాబట్టి టైప్ దగ్గర ఫోర్కింగ్ అని ఉండాలి, లేకపోతే స్క్రిప్టు ముగియగానే సిస్టమ్‌డి పని అయిపోయిందనుకుని సర్వర్‌నూ ఆపేస్తుంది. ఎగ్జెక్‌స్టార్ట్ దగ్గర స్క్రిప్టుకు హోమ్ నుంచి మొదలుపెట్టి పూర్తి దారి ఇచ్చి, చివర స్టార్ట్ అనే మాట చేర్చండి. రీస్టార్ట్‌కు ఆన్-ఫెయిల్యూర్, ఇన్‌స్టాల్ భాగంలోని వాంటెడ్‌బైకు మల్టీ-యూజర్.టార్గెట్ ఇస్తే ఫైలు పూర్తయినట్టే.

తరువాత టెర్మినల్‌లో సుడో సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్, ఆపైన సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ టీమ్‌స్పీక్ కొట్టండి. స్టార్టప్ అప్లికేషన్స్‌లోని పాత నమోదును మరచిపోకుండా తీసేయండి. లేకపోతే లాగిన్ అయినప్పుడు దాన్నే మళ్లీ నడిపే ప్రయత్నం జరుగుతుంది. ఏదైనా తేడా వస్తే జర్నల్‌సీటీఎల్ -యూ టీమ్‌స్పీక్ కారణం చెబుతుంది.

మీ డెస్క్‌టాప్ వైఫైతో నడుస్తుంటే ఇంకో చిక్కు ఉండవచ్చు. వైఫై పాస్‌వర్డ్ మీ ఒక్కరి ఖాతాలోనే భద్రమై ఉంటే లాగిన్ అయ్యేదాకా నెట్ రాదు, కాబట్టి సర్వర్ నడుస్తున్నా దాన్ని ఎవరూ చేరుకోలేరు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను యూజర్లందరికీ అందుబాటులో ఉంచండి. రౌటర్ నుంచి కేబుల్ లాగగలిగితే ఆ బెడదే ఉండదు. రౌటర్‌లో టీమ్‌స్పీక్ మాటలు వచ్చే 9987 యూడీపీ పోర్టును ఈ యంత్రానికి మళ్లించి ఉన్నారు కనుక, దాని లోకల్ ఐపీ మారకుండా రిజర్వ్ చేయడం కూడా మంచిది.

ఇంతా చేసి, కరెంటు వచ్చాక పవర్ బటన్ నొక్కడానికి మళ్లీ అమ్మగారే కావలసి వస్తే ఫలితం సగమే. బయోస్‌లో (ఉబుంటు కన్నా ముందే నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) ఏసీ పవర్ లాస్‌కు సంబంధించిన సెట్టింగును పవర్ ఆన్‌కు మార్చండి. పాత యంత్రం అంటున్నారు కాబట్టి మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ, ఎక్కువ బోర్డుల్లో సీఆర్2032, కూడా మార్చండి. అది చచ్చిపోయి ఉంటే కరెంటు పోయినప్పుడల్లా బయోస్ సెట్టింగులు చెరిగిపోయి కథ మొదటికొస్తుంది. అన్నీ అయ్యాక డెస్క్‌టాప్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, కాసేపాగి మళ్లీ వేసి, లాగిన్ తెర జోలికి పోకుండా ఫోన్‌లో మొబైల్ డేటాతో సర్వర్‌కు కలిసి చూడండి.