తొలి సినిమాకు బాణీలు కడుతున్న బిడ్డకు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

నీకు సినిమా వచ్చిందనీ, పాటలే కాక నేపథ్య సంగీతం కూడా నువ్వే చేస్తున్నావనీ మీ బాపు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి, ఒక రాత్రి సంతోషంతో, మరో రాత్రి భయంతో నాకు నిద్ర పట్టలేదు.

కథ మొత్తం చదువు. సంగీతం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో దర్శకునితో కూర్చొని రాసుకో. తోచిన బాణీని వెంటనే ఫోన్‌లో పాడి దాచుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. నీకు తెలియనిది నేను చేసిన తప్పు.

మద్రాసులో ఏళ్ల తరబడి సహాయకునిగా పనిచేశాక దొరికిన నా మొదటి సినిమాలో, ఒక పాలమూరు తల్లి పసిబిడ్డను అత్త చేతికిచ్చి బొంబాయి బస్సు ఎక్కే ఘట్టం ఉండేది. దర్శకుడు దాన్ని రెండు మాటల్లో చెప్పగానే, రీలు కూడా చూడకుండా హార్మోనియం ముందేసుకొని శుభపంతువరాళిలో బాణీ కట్టేశాను. ఏడుపంటే ఆ రాగమేనని అప్పుడు నా నమ్మకం. తీరా రీలు వచ్చాక చూస్తే నా బాణీకి నిమిషం పడుతుంది, ఘట్టం 50 సెకన్లే ఉంది. బాణీ మీది మమకారంతో ఒక్క స్వరం కూడా కొయ్యకుండా, నిమిషానికి 60 దెబ్బల నడకను 72కు పెంచాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది కదా, 24 ఫ్రేములకు పడవలసిన దెబ్బ 20కే పడింది. తెర మీద ఆ తల్లి కాళ్లీడుస్తూ నడుస్తుంటే నా వయొలిన్లు ఆమెను వెనక నుంచి తోసినట్టు వినిపించాయి. పైగా అవి నిండుగా మోగాలని మిగతా చప్పుళ్లన్నీ తగ్గించమన్నాను.

నన్ను మా అవ్వ దగ్గర వదిలి రెండుసార్లు వలసపోయి వచ్చిన మా అమ్మ, ఆ సినిమా చూసి బయటికొచ్చాక, "బస్సు పోయిన సప్పుడు ఎందుకు తీసేసినవ్ రా?" అని అడిగింది. అంతకు మించి ఏమీ అనలేదు.

అందుకే చెబుతున్నాను, మొదటి రెండు మూడు సార్లు చేతులు కట్టుకొని ఘట్టాన్ని చూడు. అక్కడ ముందే ఏ చప్పుడు ఉందో విను. ఎడిటర్ వేరే సినిమా సంగీతం అతికించి పంపితే, తీసేసి పంపమని మొహమాటపడకుండా అడుగు. అది ఒకసారి చెవికెక్కితే నీ బాణీ నీకు దొరకదు.

కథ అచ్చంపేట వైపుదనీ, కిన్నెర వాడతానన్నావనీ విన్నాను. 2022లో దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ వచ్చాక 12 మెట్ల కిన్నెర పేరు అందరికీ తెలిసింది గానీ, దాని గొంతు తెలిసినవాళ్లు తక్కువ. మీటిన స్వరం తొందరగా అణిగిపోతుంది, వయొలిన్‌లా సాగదు. కీబోర్డు మీద బాణీ కట్టి దాని నెత్తిన పెట్టకు. వాయించే మనిషి పక్కన కూర్చొని కట్టు, ఆయన కూలి ఆ రోజే ఇప్పించు.

రాత్రంతా హెడ్‌ఫోన్లు పెట్టుకొని పనిచేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఇది మాత్రం నేను సహించను. నా ఎడమ చెవి ఎలా పోయిందో నీకు చిన్నప్పుడే చెప్పాను, నువ్వు నవ్వావు. వేళకు తిను, తల్లీ.

దసరాకు నల్లగొండ వచ్చినప్పుడు ఒక బాణీ వినిపించు. నా కుడి పక్కన కూర్చొని పాడు.

నీ పెద్దబాపు