పెరటి పిట్టల ఫొటోలు తీయబోయే నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

పెరట్లో వాలే పిట్టలను ఫొటోలు తీసి వాటి పేర్లు తెలుసుకోవాలని ఉందంటూ నీవు రాసిన ఉత్తరం అందింది, చాలా సంతోషించాను. చూసి మురిసిపోయే ఫొటో వేరు, పిట్టను పోల్చుకోవడానికి పనికివచ్చే ఫొటో వేరు. నీవు ముందుగా రెండోదానికి అలవాటు పడాలని నా కోరిక. పిట్ట కనిపించగానే, ఎంత దూరంలో ఉన్నా సరే, నిలుచున్న చోటు నుంచే ఒక ఫొటో తీసుకుని, ఆ తరువాతే మెల్లగా దగ్గరికి వెళ్లు. ముక్కు ఆకారం తెలిసేలా పక్క నుంచి ఒకటి, రెక్కల మీది చారలు తెలిసేలా వెనుక నుంచి ఒకటి, గొంతూ పొట్టా కనిపించేలా ఎదురుగా ఒకటి దొరికితే, అవి మామూలుగా ఉన్నా నీ పని నెరవేరినట్లే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, రంగు ఒక్కటే చూసి పేరు పెట్టేవాళ్లు తరచూ పొరబడతారు. మగ ఊదా తేనెపిట్ట గూడు కట్టే కాలంలో దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది, ఎండ పడితే నీలంగా, ఊదాగా నిగనిగలాడుతుంది. ఆ కాలం దాటాక ఈకలు మార్చుకుని, ఆడపిట్టలాగే పైన గోధుమ రంగుకు, కింద పసుపు రంగుకు వచ్చేస్తుంది. కాకపోతే గొంతు నుంచి పొట్ట దాకా నడిమధ్యన ఒక ముదురు చార మిగిలి ఉంటుంది. ఎదురుగా తీసిన ఫొటో లేకపోతే ఆ చార నీకు కనిపించనే కనిపించదు. ఆడకోకిల కూడా అంతే: గోధుమ రంగు ఒంటి మీద తెల్లని చుక్కలతో ఉండటం వల్ల, నల్లని మగకోకిలకు అది జోడీ అని కొత్తవాళ్లకు తట్టదు.

అందుకే ముక్కు, ఒంటి పరిమాణం, తోక పొడవు ముందు చూసి, రంగును ఆ తరువాత చూడు. గింజలు కొరికే పిచ్చుక ముక్కు పొట్టిగా, మందంగా ఉంటుంది. తేనెపిట్టది సన్నగా, వంపు తిరిగి ఉంటుంది. ఫొటోకు అందని సంగతులను పుస్తకంలో రాసుకో. పిచ్చుక నేల మీద గెంతుతుంది, గోరింక అడుగులు వేసి నడుస్తుంది. ఇలాంటి తేడా కెమెరా కంటే నీ కన్నే బాగా పట్టుకుంటుంది.

కెమెరా విషయానికి వస్తే, కూర్చున్న పిట్టకు సెకనులో 500వ వంతు, ఎగిరే పిట్టకు 2000వ వంతు షట్టర్ వేగం (వెలుగు కోసం షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) పెట్టుకుని, ఫోకస్ కంటి మీద నిలుపు. ఆకాశం వెనుక ఉన్నప్పుడు పిట్ట నల్లగా పడుతుంది కాబట్టి ఫొటోకు అందే వెలుగును, అంటే ఎక్స్‌పోజర్ ఒక మెట్టు పెంచు.

పిట్టల వెంటపడి తిరగడం కంటే, రెండంగుళాల లోతు మించని పళ్లెంలో రోజూ మార్చిన నీళ్లు పెట్టి, ఉదయపు ఎండ నీ వీపున పడేలా కదలకుండా కూర్చోవడం మేలు. గూటి జోలికి మాత్రం వెళ్లవద్దు. ఫొటో కోసం ఆకులు పక్కకు జరిపితే పిల్లలు ఎండకూ కాకులకూ చిక్కుతాయి. తల్లి బెదిరి గూడు వదిలేసినా వదిలేయవచ్చు.

ఫొటో చూసి పిట్టను పోల్చే మెర్లిన్ వంటి యాప్ చెప్పిన పేరును సూచనగా తీసుకుని, నీ ఫొటోలతో ఒక్కొక్క గుర్తూ సరిచూసుకో. తేలకపోతే పేరు రాయకుండా ఉంచి, ఆ ఫొటోలను కత్తిరించకుండా నాకు పంపు. చుట్టూ ఉన్న ఆకులూ కొమ్మలూ కనిపిస్తేనే పిట్ట ఎంత ఉందో నాకు అంచనా దొరుకుతుంది.