నవల రాయబోతున్న మా మేనకోడలికి

అమ్మీ,

బెంగళూరు ఉద్యోగం మానేసి నవల రాయడానికి వస్తున్నావని మీ నాయన ఫోన్లో చెప్పాడు. వాని గొంతులో కోపం ఉంది. నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది, తర్వాత భయం పట్టుకుంది. ఈ రెండూ ఫోన్లో చెప్పబోతే నువ్వు "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

సంతోషం ఎందుకంటే, మన ఊరి ముంపు గురించి మన ఇంట్లో ఎవరో ఒకరు రాయాలని నేను ఎన్నేళ్ళుగానో కోరుకున్నాను. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్ళు పైకొచ్చినప్పుడు నేను పెళ్ళయి కర్నూలులో ఉన్నాను. మీ నాయన పదో తరగతి పిల్లోడు. ఊరు ఖాళీ చేయమన్నాక మీ అబ్బ, అంటే మా నాయన, ఇంటి దూలాలు, వాకిలి తలుపులు పీకించి ట్రాక్టరుకెత్తించాడు. కట్టుకోవడానికి ఇంకా స్థలమైనా లేదు, తలుపులు మాత్రం తెచ్చుకున్నాడు. ఇన్ని కథలు రాశాను, ఆ తలుపుల గురించి మాత్రం రాయలేకపోయాను. కలం పట్టుకుంటే ఏడుపే వచ్చేది. నువ్వు ఆ ఊరిని చూడలేదు కాబట్టే నువ్వు రాయగలవని నా నమ్మకం. అడిగి తెలుసుకుంటావు, ఏడవకుండా వింటావు.

ఇక సలహాలు. డబ్బు సంగతి నీకు చెప్పాల్సిన పని లేదు, ఏడాదికి సరిపడా దాచుకున్నావని విన్నాను. తెలుగులో నవల అమ్ముకుని బతకడం కుదరదని కూడా నీకు తెలుసు. రాసింది రాసినట్టు రెండు చోట్ల దాచిపెట్టుకో. పాత పత్రికలు కావాలంటే కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి పో. ఉద్యోగం మానేసే ముందు మాత్రం ఒక పని తప్పకుండా చెయ్యి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మార్చుకునే వీలుందేమో రాజీనామా ఇవ్వకముందే అడుగు. కొత్తగా తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బుకు మూడేళ్ళ దాకా డబ్బు ఇవ్వకపోవచ్చు. నీకు ఫిట్స్ ఉన్నాయని ఫారంలో దాచిపెట్టొద్దు. దాస్తే, కావాల్సిన రోజునే ఆ పాలసీ పనికిరాకుండా పోతుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. మొన్న పెళ్ళిలో నువ్వు నా పక్కన కూర్చుని ఒక మాటన్నావు. డాక్టరు ఫిట్స్ మాత్ర మార్చి టోపిరమేట్ ఇచ్చినప్పటి నుంచి మాటలు నాలుక చివరికొచ్చి ఆగిపోతున్నాయని, వాక్యం సగంలో ఒక చిన్న పదం కోసం వెతుక్కోవాల్సి వస్తోందని. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నవల రాసినన్నాళ్ళు ఆపేస్తే ఎట్లుంటుందత్తా" అన్నావు. అంతలో ఎవరో భోజనాలకు పిలిచారు. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా కాలేజీలో నాతోపాటు తెలుగు చెప్పిన ఒక అన్న ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్ళోనే ఉన్నారు. చిన్నప్పటి నుంచి ఫిట్స్. ఆ రోజుల్లో గార్డినాల్ మాత్ర ఇచ్చేవాళ్ళు, రాత్రికి ఒకటి. ఫిట్స్ ఆగిపోయాయి, ఉద్యోగం చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. కానీ ఆ మాత్ర మత్తుగా ఉంచేది. పొద్దున రెండో పీరియడ్ దాకా తల దిమ్ముగా ఉండేదని చెప్పేవాడు. పద్యం చెబుతూ చెబుతూ మధ్యలో ఆగితే పిల్లలు అందించేవాళ్ళు. ఆయన డోన్ వైపు మనిషి. కరువుకు ఊళ్ళు వదిలి కూలికి పోయినవాళ్ళ మీద ఒక నవల మనసులో పెట్టుకుని ఎన్నో ఏళ్ళు తిరిగాడు. రాత్రి కూర్చుంటే నిద్ర ముంచుకొచ్చేది. ఒక ఎండాకాలం సెలవుల్లో, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, మాత్ర ఒక్కసారిగా మానేశాడు.

ఆ నెలలో రాసిన పేజీలు నేను చదివాను. బాగున్నాయి. నీకు భయం పెట్టడానికి వాటిని చెడ్డవని అబద్ధం చెప్పను. కూలీలు రైలెక్కే ఘట్టం ఒకటుంది, ఒక ముసలమ్మ తన మేకను పక్కింటివాళ్ళకు అప్పగించి దాని అలవాట్లన్నీ ఒక్కొక్కటే చెబుతుంది. అట్లాంటిది నేను ఇప్పటికీ రాయలేను. ఆయన మొహం వెలిగిపోతుండేది. "తలలో కిటికీ తెరుచుకుందమ్మా" అన్నాడు. ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని తెల్లార్లూ రాసేవాడు. మత్తు దిగింది నిజం, తల తేలికపడింది నిజం. ఆ మాత్ర ఒక్కసారిగా మానేస్తే అణిగి ఉన్న జబ్బు రెట్టింపు బలంతో లేస్తుందన్నదీ, రాత్రంతా మేలుకుంటే దానికి ఇంకా బలమొస్తుందన్నదీ కూడా నిజమే. ఈ రెండోది ఆయన పట్టించుకోలేదు.

ఒక రోజు తెల్లవారుజామున మొదలైంది. ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. ఆయన భార్య ఆయన చేతిలో తాళాలు పెట్టింది, ఉల్లిపాయ వాసన చూపించింది. ఎవరు చెప్పింది వాళ్ళు చేశారు. బండి దొరికి పెద్దాసుపత్రికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. అట్లా ఆగకుండా ఫిట్స్ వస్తే మెదడే దెబ్బతింటుందని అక్కడి డాక్టర్లు చెప్పినప్పుడు మాకు తెలిసింది.

బతికాడు. ఇంటికొచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు, నా పేరు రాలేదు. కొన్నాళ్ళకు పేర్లు వచ్చాయి, పద్యాలు కూడా చిన్నప్పుడు నేర్చుకున్నవి వచ్చాయి. ఆ ఎండాకాలం మాత్రం పోయింది. ఒక సాయంత్రం ఆయన భార్య ఆ కాగితాల కట్ట తెచ్చి ఒళ్ళో పెట్టింది, మళ్ళీ రాస్తాడేమోనన్న ఆశతో. మేక దగ్గరికొచ్చేదాకా చదివి తలెత్తి నన్నడిగాడు: "బాగుందమ్మా, ఎవరు రాశారిది?" తన చేతిరాతే. నవల ఎటు పోవాలో, ఆ ముసలమ్మ తిరిగొస్తుందా లేదా, అంతా ఆయన తలలోనే ఉండింది. ఆ తర్వాత ఆయన ఏమీ రాయలేదు.

నేను చాలాకాలం ఆలోచించాను, డాక్టరును ఎందుకు అడగలేదు ఈయన అని. ఆయనే ఎప్పుడో ఒకసారి చెప్పింది గుర్తొచ్చింది. ఫిట్స్ వచ్చాయా లేదా అని అడుగుతారు, రాలేదంటే అదే మాత్ర రాసిస్తారు, అంతే. "సార్, నాకు రాయడం కుదరడం లేదు" అంటే నవ్వుతారని సిగ్గుపడ్డాడు. రాయలేకపోవడం ఆయన దృష్టిలో జబ్బుకు సంబంధించిన బాధ కాదు, తన సొంత బలహీనత. ప్రాణం మీదికి తెచ్చింది ఆ సిగ్గే.

నీకు సిగ్గు వద్దు. టోపిరమేట్‌తో మాటలు తట్టకపోవడం డాక్టర్లందరికీ తెలిసిన సంగతి. మోతాదు తగ్గించవచ్చు, ఇంకా మెల్లగా పెంచవచ్చు, వేరే మాత్రకు మార్చవచ్చు. మార్చేటప్పుడు కూడా పాతది కొంచెం కొంచెం తగ్గిస్తూ కొత్తది కొంచెం కొంచెం పెంచుతారు. అది డాక్టరు చేయాల్సిన పని, నీది కాదు. నువ్వు చేయాల్సిందల్లా ఒక కాగితం మీద రాసుకుని పోవడం: ఏ పదాలు తట్టలేదు, ఏ వేళప్పుడు, మాత్ర వేసుకున్న ఎంతసేపటికి. "నా బతుకు మాటలతోనే సార్, నాకిది చిన్న విషయం కాదు" అని గట్టిగా చెప్పు. వినకపోతే ఇంకొక డాక్టరు దగ్గరికి పోదాం, నేనొస్తాను. పెళ్ళి, పిల్లలు ఎప్పటికైనా అనుకుంటే అది కూడా ముందే చెప్పాలి. ఈ మాత్ర, వాల్‌ప్రొయేట్ అనే ఇంకొక మాత్ర, రెండూ కడుపులో బిడ్డకు మంచివి కావు. సరైన మందు పడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ రాకుండా ఉంటాయి. నువ్వు ఆ ఏడుగురిలో ఉండాలి.

ఫోన్లో నువ్వు మీ నాయనతో రష్యా నవలా రచయిత దోస్తయెవ్‌స్కీకి కూడా ఫిట్స్ ఉండేవి కదా అని వాదించావట. ఉండేవి. అవి వచ్చిపోయాక రోజుల తరబడి తల పనిచేయడం లేదని, జ్ఞాపకం పోతోందని ఉత్తరాల్లో ఎంత బాధపడ్డాడో కూడా చదువు. ఆయన చిన్న కొడుకు అల్యోషా 1878లో, మూడేళ్ళు నిండకుండానే, ఫిట్స్ ఆగకుండా వచ్చి చనిపోయాడు. ఆ తండ్రిని పిలిచి, ఈ జబ్బే కదా నీకు రాత ఇచ్చింది అని ఎవరైనా అనగలరా? ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. 1866లో గడువు మీద పడితే షార్ట్‌హ్యాండ్ తెలిసిన అమ్మాయిని పెట్టుకుని, తాను చెబుతుంటే ఆమె రాస్తుంటే నెల తిరగకముందే నవల ముగించాడు. నీకు ఫోనే ఆ పని చేస్తుంది. వేళ్ళు కదలని రోజు, కళ్ళు లాగుతున్న రోజు, పడుకునే చెప్పు. ఫిట్స్ వచ్చిన వారంలో రాసింది చెత్తగా ఉందనిపిస్తుంది, చెరిపేయొద్దు. పక్కన పెట్టి నెల తర్వాత చూడు.

రాత్రిపూటే బాగా వస్తుందంటావు. నేను ముప్పై ఏళ్ళు తెల్లవారుజామున రాశాను. ఇంట్లో వాళ్ళు లేచేలోపల దొరికేది ఆ కాస్త సమయమే కాబట్టి. మొదట్లో ఒక్క వాక్యం వచ్చేది కాదు, తర్వాత ఆ వేళకు అదే వచ్చేది. నువ్వు పదికల్లా పడుకో. ఐదుకు లేచి రాయి. ఈ ఒక్కటీ నాకోసం.

ఇక సంగమేశ్వరం. ఈ మాట విన్నప్పుడు నా కాళ్ళు వణికాయి. ఆ శ్రీశైలం నీళ్ళ పక్కన ఊళ్ళో ఒంటరిగా గది తీసుకుని, పుట్టి మీద తిరిగి, మునిగిన ఊళ్ళ జాడ చూస్తావట. ఎవరిచ్చారు నీకీ ఆలోచన? ఫిట్స్ ఉన్న మనిషి పుట్టి ఎక్కకూడదు. లైఫ్ జాకెట్ లేకుండా, పక్కన ఈత వచ్చిన మనిషి లేకుండా, ఏ పడవా ఎక్కకూడదు. బక్కెట్ నీళ్ళు కూడా ప్రమాదమే, స్నానాల గదికి గడియ వేసుకోవద్దు. గ్యాస్ పొయ్యి దగ్గర ఒక్కదానివే నిలబడొద్దు. ఎండాకాలం నీళ్ళు తగ్గి గుడి బయటపడుతుంది, అప్పుడు నడిచే పోవచ్చు, నేనూ వస్తాను. అయితే ఆ ఎండ సంగతి కూడా విను. నీ మాత్రకు చెమట తగ్గించే గుణం ఉంది. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. నందికొట్కూరు, ఆత్మకూరు వైపు మే నెల ఎలా ఉంటుందో బెంగళూరులో ఉండి మర్చిపోయావేమో. తెల్లారేసరికి పోయి, తొమ్మిది లోపల నీడకు వచ్చేయాలి. నీళ్ళు ఎక్కువ తాగు, లేకపోతే ఆ మాత్రతో కిడ్నీలో రాళ్ళు కూడా రావచ్చు.

ఎక్కడ ఉన్నా పక్కింట్లో ఒక్క మనిషికైనా నీ సంగతి చెప్పు. పడిపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో స్పూను, చేతిలో తాళాలు పెట్టొద్దని, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయమని. చెబితే పెళ్ళి సంబంధాలు రావని మీ అమ్మ భయం. నాకు తెలుసు, ఆమెను తప్పుపట్టను. మా కాలంలో చట్టమే ఫిట్స్ ఉంటే పెళ్ళి రద్దు చేయించుకోవచ్చనేది. 1999లో ఆ మాట తీసేశారు. మనుషులు ఇంకా తీసేయలేదు. కానీ నిన్ను దాచిపెట్టి ఇచ్చే పెళ్ళి నాకొద్దు, ఎవరో తెలియని ఊళ్ళో తెలివి లేకుండా పడిపోయి, చుట్టూ జనం ఏం చేయాలో తెలియక నిలబడి చూడడమూ నాకొద్దు.

నిన్ను కోప్పడుతున్నాననుకోకు. ఇంటర్ పరీక్షల రోజు మొదటిసారి పడిపోయి లేచినప్పుడు నువ్వు మొట్టమొదట అడిగింది పేపరు గురించి. ఇంకో అరగంట ఇస్తారా అని. ఆ పిల్ల నవల రాయగలదు, నాకు అనుమానం లేదు.

నీకు గది మా ఇంట్లోనే ఉంది, మేడ మీద, ఉత్తరం కిటికీ. అద్దె ఇస్తానని అనొద్దు. ఆత్మకూరులో మన పెద్దజేజికి ఎనభై దాటింది. ముంపు నాడు ఎవరి ఇల్లు ఎక్కడుండేదో, ఏ బావి నీళ్ళు తియ్యగా ఉండేవో వరుసగా చెబుతుంది. చెవులు తగ్గాయి, మాట బాగుంది. నవలకు ముందుగా నువ్వు వినాల్సింది ఆమెనే, ఈ ఏడాదే వినాలి. డాక్టరు చీటీలన్నీ, పాతవి కూడా, ఒక కవర్లో పెట్టుకుని రా. మొదట డాక్టరు దగ్గరికి, ఆ మర్నాడు ఆత్మకూరుకు. బస్సు కిటికీ పక్కన నువ్వు కూర్చో. మాత్రలు సంచి అడుగున పడేయకుండా చేతికందేట్టు పైన పెట్టుకో.

మీ అత్త
కర్నూలు