సమాధానం: లివియాది మతిమరుపా, నాటకమా?

అమెరికన్ మాఫియా టీవీ సీరియల్ 'ది సోప్రానోస్' మొదటి సీజన్ చూసేశారు. మాఫియా నాయకుడైన హీరో టోనీ మీద కాల్పులు జరిగాక తల్లి లివియా సొంత మనవరాలినే 'ఎవరీ అమ్మాయి' అన్నట్టు అడగడం నిజమా, నటనా అన్నది మీ సందేహం. నా మటుకు అది నూటికి నూరుపాళ్లూ నటనే.

ఆమె కోపానికి మూలం గ్రీన్ గ్రోవ్. అది ఎంత ఖరీదైన చోటైనా, కొడుకు తనను వృద్ధాశ్రమంలో పడేశాడనే ఆమె లెక్క. పైగా వాడు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడని మనవడి నోట వింది. తన మీద చాడీలు చెప్పడానికేనని నమ్మింది. ఇక ఆమె పద్ధతి చూడండి. 'చంపెయ్' అని ఒక్కసారీ అనదు. టోనీ మనుషులు గ్రీన్ గ్రోవ్‌లోనే మీటింగులు పెట్టుకుంటున్నారని అతని పెదనాన్న జూనియర్ చెవిన వేసి, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది. జూనియర్‌కి అసలే బాస్ కుర్చీ టెన్షన్. టోనీని చంపించాలనుకోవడానికి ఆ మాత్రం చాలదా! మతి లేని మనిషి ఎవరికి, ఎప్పుడు, ఎంత చెప్పాలో అంత కచ్చితంగా చెప్పగలదా?

టోనీ సైకియాట్రిస్ట్ డాక్టర్ మెల్ఫీ ఆఖరి ఎపిసోడ్‌లో లివియా గురించి బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (ఒక రకం వ్యక్తిత్వ లోపం) అనే మాట ఎత్తగానే టోనీ ఆ డాక్టర్ మీదికే లేస్తాడు. అమ్మను ఎవరూ ఏమీ అనకూడదు మరి! తర్వాత లివియా, జూనియర్‌ల మాటలు రికార్డైన ఎఫ్‌బీఐ టేపులు విన్నవాడే దిండు పట్టుకుని గ్రీన్ గ్రోవ్‌కి వెళ్తాడు. అప్పటికే ఆమెను స్ట్రెచర్ మీద తోసుకెళ్తుంటారు. ఆక్సిజన్ మాస్క్ కింద ఆ పెదవుల్ని గమనించారా? టోనీకి అది నవ్వులాగే కనిపించింది.

11, 12 ఎపిసోడ్లు వరసగా మళ్లీ చూడండి, జూనియర్ వచ్చిన ప్రతిసారీ లివియా ముఖాన్నే గమనించండి.