పడటానికైనా తోడుండాలి తమ్ముడూ

సందేహం: అన్నయ్యా, సెప్టెంబరులో సియాటిల్ వచ్చాను. మాస్టర్స్ మొదటి సెమిస్టర్. మాది తణుకు. రూమ్మేట్స్ ముగ్గురూ వచ్చే శనివారం స్నోక్వాల్మీ కొండ మీద స్నోబోర్డింగ్‌కి, అంటే రెండు కాళ్ళూ ఒకే పలకకి కట్టుకుని మంచు మీద జారే ఆటకి, వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. టికెట్టు, అద్దె సామాను, పెట్రోలు కలిపితే నా నెల కిరాణా ఖర్చంత అవుతోంది. మంచు అంటే ఫ్రిజ్‌లో చూసిందే. అమ్మ వద్దంటోంది. కాలో చెయ్యో విరిగితే ఇన్సూరెన్స్ ఎలాగో తెలియదు. మానేసి ఇంట్లో చదువుకోవడం మంచిదంటారా?

జవాబు: వెళ్ళు.

ఇన్సూరెన్స్ సంగతి మీ యూనివర్సిటీ ప్లాన్ కాగితాల్లో ఉంటుంది. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సింది) ఎంత, ఏ ఆసుపత్రి వాళ్ళ నెట్‌వర్క్‌లో ఉంది, ఒక అరగంట కూర్చుని చదువుకో. టికెట్టు ధర రోజుకో రకంగా ఉంటుంది. కౌంటర్ దగ్గర కొనేకంటే ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది. ఇవన్నీ వాళ్ళ సైట్లలోనే దొరుకుతాయి, నన్ను అడగక్కర్లేదు. నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఖర్చు కాదు, ఆ చివరి వాక్యం. ‘మానేసి ఇంట్లో చదువుకోవడం’ అన్నావే, సరిగ్గా ఆ మాటే అనుకుని నేను నాలుగు చలికాలాలు గదిలో గడిపాను. ఎంత చదివానో కూడా చెప్తాను, విను.

నేను వచ్చింది 2006 ఆగస్టులో. మొదటిసారి కొండకి వెళ్ళింది 2007 జనవరిలో. మీకిప్పుడు ఫోన్ తీస్తే ఎలా తిరగాలో, ఎలా ఆగాలో చూపించే వీడియోలు కొల్లలు. మాకు ముందు వెళ్ళినవాడు చెప్పిందే వేదం, వాడికీ ఏమీ తెలియదు. జీన్సు ప్యాంటు, లోపల రెండు బనియన్లు, పైన ఊలు స్వెట్టరు, నెత్తిన అమ్మ పెట్టెలో పెట్టి పంపిన మంకీ క్యాప్. ఇదీ నా వేషం. ఇక్కడి కొండల మీద మంచు తడి మంచు. కొలరాడోలోనో యూటాలోనో పడేలాంటి పొడి పిండి కాదు. ‘క్యాస్కేడ్ కాంక్రీట్’ అంటారు ఇక్కడివాళ్ళు. రెండుసార్లు పడేసరికి జీన్సు నీళ్ళు పీల్చింది, గంట తిరిగేసరికి మోకాళ్ళ దగ్గర అట్టలా బిగుసుకుంది. నూలు బట్ట ఏదీ వేసుకోకు. లోపల పాలిస్టరు థర్మలో ఊలుదో, పైన నీరు పట్టని ప్యాంటూ జాకెట్టూ. సాక్సు ఒక్క జతే. రెండు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందనుకుంటావు, పాదం బిగుసుకుని ఇంకా చల్లబడుతుంది.

అద్దె కొట్టులో బూట్లు ఇచ్చే కుర్రాడు సైజు అడిగితే, పెరిగే పిల్లాడికి బడి తెరిచేముందు కొన్నట్టు ఒక సైజు పెద్దవి పుచ్చుకున్నాను. వదులుగా ఉంటే హాయి కదా అని. హాయిగానే ఉంది, కానీ నేను మడమ ఎత్తితే బోర్డు లేవలేదు. బూటులో నా కాలు ఒక్కటే లేచింది. వేళ్ళు బూటు ముందు భాగాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. ఆ తర్వాత ఆ కుర్రాడు, ‘రెగ్యులరా, గూఫీయా?’ అన్నాడు. నన్ను వెర్రివాడివా అని అడుగుతున్నాడనుకున్నాను. పౌరుషం వచ్చి, ‘నో నో, రెగ్యులర్!’ అన్నాను. ఎడమ కాలు ముందు పెట్టేవాణ్ణి రెగ్యులర్ అనీ, కుడి కాలు ముందు పెట్టేవాణ్ణి గూఫీ అనీ అంటారని తెలిసింది నాలుగేళ్ళ తర్వాత. నేను పుట్టు గూఫీనట.

లెసన్ తీసుకోలేదు. దాని ఖరీదు చూసి 44తో గుణించాను. అప్పట్లో డాలరు అంతే. మా నాన్న పాలవాడికి నెలంతా ఇచ్చేదానికంటే ఎక్కువ వచ్చింది. నాకు సైకిలొచ్చు, గోదావరిలో ఈతొచ్చు, ఇదెంత అనుకున్నాను. నువ్వు కూడా ఇప్పుడు గుణిస్తూనే ఉంటావని తెలుసు. మొదటి ఏడాది అందరూ గుణిస్తారు. గుణించుకో, కానీ లెసన్ మాత్రం వదిలిపెట్టకు. మొదటిసారి వచ్చేవాళ్ళకి లెసను, టికెట్టు, సామాను కలిపి ఇచ్చే ప్యాకేజీలు చాలాచోట్ల ఉంటాయి, విడివిడిగా కొనేకంటే చవక.

నాతో వచ్చిన స్నేహితులు మంచివాళ్ళే, తొందర ఎక్కువ. కింద చంటిపిల్లల వాలు ఉంటుంది, నిలబడితే తనే పైకి తీసుకెళ్ళే బెల్టు ఉంటుంది. మొదటి రోజంతా అక్కడే గడపాలి. మావాళ్ళు నన్ను సరాసరి లిఫ్టు, అంటే తీగకి వేలాడుతూ కొండపైకి పోయే కుర్చీ, ఎక్కించారు. కుర్చీ పైకి చేరాక దిగడం ఒక విద్య. ముందు కాలు ఒక్కటే బోర్డుకి కట్టి ఉంటుంది, వెనక కాలు ఊరికే బోర్డు మీద ఆనించి జారుకుంటూ తప్పుకోవాలి. నేను తప్పుకోలేదు. నాతోపాటు ఇద్దరిని పడేశాను. లిఫ్టు ఆపేశారు. వెనక కుర్చీల్లో గాలిలో వేలాడుతున్న జనమంతా నావైపే చూస్తున్నారు. పెళ్ళిపందిట్లో పంచె ఊడినా అంత సిగ్గుపడను.

ఆ తర్వాత వాలు మీద పదిసార్లో పదిహేనుసార్లో పడి ఉంటాను, లెక్క లేదు. ఆఖరిది మాత్రం గుర్తుంది. బోర్డుని వాలుకి అడ్డంగా పెట్టి మడమల వైపు అంచు మీద నిలిచి జారాలి. కాస్త ఏమరి బోర్డుని చదునుగా వదిలితే పల్లం వైపు అంచు మంచులో కరుచుకుంటుంది, మనిషిని పీట లాగి పడేసినట్టు పడేస్తుంది. నేను పడేటప్పుడు చెయ్యి చాపి ఆపుకోబోయాను. కొత్తవాళ్ళంతా చేసేది అదే, అందుకే బోర్డువాళ్ళకి మణికట్లు ఎక్కువ విరుగుతాయి. కొండ మీద దెబ్బ తగిలినవాళ్ళని ఆదుకునే ఎర్రకోటు స్కీ ప్యాట్రోల్ వాళ్ళు వచ్చి స్లెడ్ (మంచు మీద జారే బండి) మీద పడుకోబెట్టి దింపారు. ఎముక చిట్లింది, ఆరు వారాలు కట్టు. బిల్లు ఏడాది పాటు వాయిదాల్లో కట్టాను. అమ్మకి చెప్పలేదు. కాలింగ్ కార్డులో నిమిషాలు అయిపోతున్నాయని రెండు వారాలు అబద్ధం చెప్పాను.

చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంది. అసలు దెబ్బ వేరే తగిలింది, అది నాకు తర్వాతెప్పుడో గాని తెలియలేదు.

స్నేహితులు మళ్ళీ పిలిచారు. చదువుకోవాలన్నాను. ఇంకోసారి పిలిచారు. ఒంట్లో బాగాలేదన్నాను. మూడోసారి పిలవలేదు. శనివారం పొద్దున అయిదింటికి వాళ్ళు బోర్డులు మోసుకుంటూ మెట్లు దిగుతుంటే గోడకి తగిలి టకటకమని చప్పుడయ్యేది. నేను దుప్పటి ముసుగులో నిద్రపోతున్నట్టు పడుకునేవాణ్ణి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగూ ఇరవైకే పొద్దు గూకుతుంది. రోజంతా సన్నటి చినుకు. రైస్ కుక్కర్ మూత టక్కుమన్న చప్పుడు తప్ప గదిలో మాట ఉండేది కాదు. పుస్తకం తెరిచి ఉండేది, పేజీ తిరిగేది కాదు. అదీ నా చదువు. సోమవారం భోజనాల దగ్గర వాళ్ళు నవ్వుకునే సంగతుల్లో నాకు ఒక్కటీ అర్థమయ్యేది కాదు. నన్ను వెలేశారనుకుని లోలోపల కోపం పెంచుకున్నాను. వెలేసుకున్నది నేనే కదా. ఇక్కడ ఎవరూ మన తలుపు కొట్టి, ‘ఏరా, తిన్నావా?’ అని అడగరు. ఒకసారి జట్టులోంచి జారితే మళ్ళీ ఎక్కడం ఆ లిఫ్టు దిగడం కన్నా కష్టం. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నాను.

నన్ను మళ్ళీ కొండెక్కించింది మా ఆఫీసులో కరీంనగర్ అక్క. ఇద్దరు పిల్లల తల్లి, ముప్ఫై ఎనిమిదో ఏట నేర్చుకుంది. 2011 ఫిబ్రవరిలో అనుకుంటా, క్యాంటీన్లో నా కథంతా విని, ‘ముందుగాల పడుడు నేర్చుకో తమ్మీ, నిలబడుడు దానంతటదే వస్తది’ అంది. ఆ శనివారం కారు తెచ్చి మా ఇంటి ముందు హారన్ కొట్టింది. కింద చదును నేల మీద నిలబెట్టి, చెప్పకుండా వెనకనుంచి తోసింది. నా కుడి కాలు ముందుకి పడింది. ‘ఇగో, నువ్వు గూఫీ!’ అంది. ఆ రోజు పొద్దున్నంతా పడటమే నేర్పింది. పిడికిళ్ళు బిగించి ఉంచాలి, అరచేతులు చాపకూడదు. వెనక్కి పడితే పిర్రల మీద కూలబడాలి, ముందుకైతే మోకాళ్ళూ ముంజేతులూ ఆనాలి. హెల్మెట్టు, మణికట్టు గార్డులు లేకుండా బయల్దేరనిచ్చేది కాదు. గార్డులు పెద్ద ఖర్చు కాదు, నువ్వూ కొనుక్కో. మధ్యాహ్నం నుంచి రాలే ఆకులా అటూ ఇటూ జారడం. కాళ్ళ వంక చూస్తే పడతావు, ఎటు వెళ్ళాలో అటు చూస్తే బోర్డు అటే తిరుగుతుంది. ఈ ఒక్క ముక్క తలకెక్కడానికి నాకు మూడు శనివారాలు పట్టింది. మూడో శనివారం ఒక మలుపు, దాని వెంటే ఎదురు మలుపు, పడకుండా వచ్చాయి. సర్రుమని అంచు కింద మంచు కోసుకుపోతున్న చప్పుడు. వెనకనుంచి ముగ్గురి అరుపులు. పదో తరగతి ఫలితాల రోజు కూడా నాకోసం ఎవరూ అంత గట్టిగా అరవలేదు.

ఆ ముగ్గురూ అక్క, ఒక ఒంగోలు కుర్రాడు, కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక తమిళాయన. నలుగురం, లిఫ్టు కుర్చీ కూడా నలుగురు పట్టేది. ఈ ఆటలో సుఖమంతా జారడంలోనే ఉందనుకుంటారు తెలియనివాళ్ళు. జారడం మూడు నాలుగు నిమిషాలు, పైకి ఎక్కడం అంతకన్నా ఎక్కువ. చేతులకి లావాటి గ్లవ్స్, ఫోను తీయలేవు. కాళ్ళు గాలిలో వేలాడుతుంటాయి, లేచి వెళ్ళిపోలేవు. పక్కవాడితో మాట్లాడక తప్పదు. ఒంగోలు కుర్రాడు వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు టికెట్టు దొరక్క వెళ్ళలేకపోయానని మాతో చెప్పింది ఆ కుర్చీలోనే. రెండేళ్ళ స్నేహంలో అప్పటిదాకా చెప్పలేదు. పైకి చేరాక స్కీవాళ్ళు, అంటే కాలికో పలక కట్టుకుని జారేవాళ్ళు, ఆగకుండా వెళ్ళిపోతారు. మనం వెనక కాలు కట్టుకోవాలి కదా, మంచులో చతికిలపడాలి. నలుగురం వరసగా అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుని పట్టీలు బిగించుకుంటూ ఇంకో రెండు నిమిషాలు కబుర్లు. బోర్డువాళ్ళు దారికి అడ్డంగా కూర్చుంటారని స్కీవాళ్ళు విసుక్కుంటారు. వాళ్ళ విసుగు ఇవాళ్టిది కాదులే. 1965లో మిషిగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లల కోసం రెండు స్కీలు పక్కపక్కన బిగించి ‘స్నర్ఫర్’ తయారుచేశాడు, స్నోబోర్డు అందులోంచి పుట్టింది. 1998 నాగానో ఒలింపిక్స్‌కల్లా పతకాలిచ్చే ఆటైంది. అయినా యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ, వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్ రిసార్టులు ఇప్పటికీ బోర్డువాళ్ళని రానివ్వవు. పక్కకి తప్పుకుని, పైనుంచి వచ్చేవాళ్ళకి కనబడేచోట కూర్చుంటే చాలు.

ఒకరోజు క్రిస్టల్ మౌంటెన్‌కి వెళ్ళాం. కింద ఊళ్ళో వాన, దారంతా మబ్బు. గొండోలా (తీగ మీద పోయే మూసిన పెట్టె) మబ్బులోంచి పైకి రాగానే నీలాకాశం, ఎదురుగా 14,410 అడుగుల రెయినీర్ పర్వతం. రెండు నెలలుగా సూర్యుణ్ణి చూడని నలుగురం కాసేపు నోరు మెదపలేదు. తర్వాత తమిళాయన, ‘నేరుగా పోదామా?’ అని వచ్చీరాని తెలుగులో అరిచి ముందు జారాడు. మా నాలుగు గీతలు మంచు మీద జడ అల్లినట్టు పడ్డాయి. మధ్యాహ్నం కారు డిక్కీ తెరిచి అక్క చేసిన పులిహోర, ఫ్లాస్కులో అల్లం టీ. పులిహోర చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం మాత్రం తీసుకెళ్ళకు, నేను ఒకసారి తెస్తే సగం ఐసైంది.

ఒక్క విషయంలో అమ్మ భయం న్యాయమే, దాన్ని మాత్రం పెడచెవిన పెట్టకు. కొత్త మంచు బాగా పడ్డ రోజున చెట్ల మధ్యకి వెళ్ళొద్దు. పెద్ద చెట్టు కొమ్మల కింద మంచు గట్టిపడదు, గుల్లగా గొయ్యిలా ఉంటుంది. తలకిందులుగా అందులో పడితే తనంతట తాను బయటికి రావడం దాదాపు అసాధ్యం, ఊపిరాడదు. ఇక్కడ మంచు తక్కువేం కాదు. బేకర్ కొండ మీద 1998-99 చలికాలంలో 1,140 అంగుళాలు పడింది, 95 అడుగులు! అందుకని బాగా వచ్చినవాళ్ళు కూడా ఎప్పుడూ జంటగా వెళ్ళి, ఒకరికొకరు కనబడే దూరంలో ఉంటారు. నీ రూమ్మేట్స్‌తో ముందే అనుకోండి, ఎవరికి ఎవరు జంట అని. నువ్వు తేలిక వాలు, అంటే ఆకుపచ్చ గుండ్రం గుర్తు ఉన్నది దాటకు. వాళ్ళు పైకి లాగితే నా పేరు చెప్పు.

రోడ్డు సంగతి బయల్దేరేముందు ఐ-90 హైవే కనుమదారి (పాస్) రిపోర్టులో చూసుకోండి, మంచులో టైర్లకి చుట్టే గొలుసులు కారులో ఉండాలి. సియాటిల్ నుంచి 50 మైళ్ళ పైచిలుకే, కానీ శనివారం ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదు.

ఇప్పుడు ఒంగోలు కుర్రాడు డాలస్‌లో ఉన్నాడు. తమిళాయన కోయంబత్తూరు వెళ్ళిపోయాడు. అక్కకి మోకాలు ఆపరేషన్ అయింది, వస్తుంది గాని లాడ్జిలో కిటికీ పక్కన కూర్చుని అల్లుకుంటుంది. నా పిల్లలు వాళ్ళ స్నేహితులతో వెళ్తారు. నలుగురి కుర్చీలో ముక్కూమొహం తెలియని ముగ్గురితో కూర్చుంటున్నాను ఈమధ్య. నా పాత జాకెట్టొకటి ఉంది, ఇప్పుడు నాకు పొట్ట దగ్గర జిప్పు పడటం లేదు. మీడియం సైజు, నీకు సరిపోతుందేమో చూడు. మణికట్టు గార్డులూ ఇస్తాను, డబ్బులొద్దు. ఈ శనివారం మీవాళ్ళతో వెళ్ళిరా. ఆ తర్వాత వాళ్ళకి కుదరని వారం ఏదైనా ఉంటే చెప్పు, నా కారులో మూడు సీట్లు ఖాళీ. పులిహోర అక్క చేస్తుంది.