“నాకేమీ వద్దులే అమ్మా” అన్నాడు మా బాబు

ప్రశ్న: మాది మంగళగిరి. మావారు ఎలక్ట్రీషియన్. సెప్టెంబరులో నిచ్చెన మీంచి పడి కుడి చెయ్యి విరిగింది. రెండు నెలలు ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడిప్పుడే చిన్న చిన్న పనులు ఒప్పుకుంటున్నారు. నేను ఇంట్లో జాకెట్లు, గౌన్లు కుడతాను. బాబు ఏడో తరగతి, పాప మూడో తరగతి. పండక్కి బట్టలు, కేకు, పిండివంటలు పోను పిల్లల కానుకలకు నా చేతిలో మిగిలేది 2000 రూపాయలు. ఏటా క్రిస్మస్‌కి అందరం తెనాలిలో మా అత్తగారింట్లో చేరతాం. హైదరాబాద్ నుంచి బావగారి పిల్లలు వస్తారు. వాళ్ల కానుకలు వేలల్లో ఉంటాయి. పోయినేడు అందరూ కాగితాలు విప్పుతుంటే మా పాప తన బొమ్మని దిండు కింద దాచేసింది. ఈసారి క్రిస్మస్ తాతకి సైకిల్ కావాలని చీటీ రాసి పెట్టింది. బాబుకి స్మార్ట్ వాచ్ మీద మనసుంది, నాకు తెలుసు. అడిగితే మాత్రం “నాకేమీ వద్దులే అమ్మా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో ఒక యాప్ ఐదు నిమిషాల్లో పదివేలు ఇస్తామంటోంది. లేదంటే నా కమ్మలు తాకట్టు పెడదామా అని ఉంది. మావారికి ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసెయ్యండి. తీసేశాకే మిగతాది చదవండి. అలాంటి యాప్‌లలో కొన్ని అప్పిచ్చేటప్పుడే మీ ఫోన్‌లో ఉన్న నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి తీసుకుంటాయి. వాయిదా దాటిందంటే మీ అత్తగారికి ఫోన్ పోతుంది, మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లకి ఫోన్ పోతుంది. ఈ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పిల్లల నవ్వు కోసం మొదలుపెట్టిన పని అక్కడిదాకా పోకూడదు.

కమ్మల సంగతి వేరు. ఆసుపత్రి ఖర్చుకైతే, బడి ఫీజుకైతే తాకట్టు పెట్టండని నేనే చెప్తాను. వాచీకి మాత్రం వద్దు. మీవారి చెయ్యి పూర్తిగా కుదురుకునేదాకా మీ ఇంటికి ఉన్న ధైర్యం అవే. పైగా మీ బాబుకి పన్నెండేళ్లు. ఆ వాచీ చేతికి పెట్టుకున్న ప్రతిసారీ వాడికి మీ బోసి చెవులు కనపడతాయి. “వద్దులే” అన్న పిల్లాడు ఆ వాచీతో సంతోషంగా తిరుగుతాడని మీకు అనిపిస్తోందా?

ఆ “వద్దులే” దగ్గర కాసేపు ఆగుదాం. వాడికి కోరిక లేక అన్న మాట కాదది, మీకూ తెలుసు. రెండు నెలలుగా ఇంట్లో మీరిద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నదంతా పక్కగదిలో పడుకుని విన్నాడు. వాడికెవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి తనకి తోచిన సాయం తను చేశాడు. అడగడం మానేశాడు. పిల్లలు ఇలా మౌనంగా బరువు నెత్తికెత్తుకున్నప్పుడు నేను తల్లిదండ్రులకి చెప్పేది ఒకటే: వాడి చేతికి లెక్క ఇవ్వండి. డబ్బు తక్కువగా ఉండటం పిల్లల్ని నలిపేయదు. ఎంత తక్కువో తెలియకపోవడం నలిపేస్తుంది. ఆ తెలియనిచోట వాళ్లు ఉన్నదానికంటే పెద్ద భయాన్ని ఊహించుకుంటారు. అద్దె కట్టలేమేమో, బడి మాన్పిస్తారేమో అనేదాకా పోతుంది ఆ ఊహ.

వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టుకుని చెప్పండి. “నాన్నా, ఈ ఏడు మీ ఇద్దరి కానుకలకీ రెండు వేలుంది. ఎప్పట్నుంచో దాచింది, ఇందులో అప్పు లేదు. ఏం కొందామో నువ్వూ నేనూ కలిసి చూద్దాం.” ఇంతే. డాక్టరు బిల్లు, బాకీల చిట్టా వాడి ముందు పెట్టకండి, అవి పెద్దవాళ్లవి. “నువ్వు వద్దన్నావుగా, మొత్తం చెల్లికే పెడదాం” అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి. త్యాగం చేసిన పిల్లాణ్ణి పొగడటం కంటే, ఆ త్యాగం అక్కర్లేదని చెప్పడం వాడికి ఎక్కువ కావాలి.

ఇక వాడికేం కొనాలి? తండ్రి కరెంటు పని చేసే ఇంట్లో పెరిగిన పిల్లాడు పాత టార్చిలైటు విప్పి చూడకుండా ఉంటాడా? మీరు రాయలేదు గానీ, విప్పే ఉంటాడని నా నమ్మకం. ఒక చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, రెండు చిన్న మోటార్లు, గుప్పెడు ఎల్ఈడీ బల్బులు, స్విచ్‌లు, వైరు, బ్యాటరీ పెట్టుకునే డబ్బా. విజయవాడలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే కొట్లో ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి, కొన్ని వందల్లో అయిపోతాయి. ఏం కావాలో చీటీ రాసివ్వాల్సింది మీవారు.

మీ ఉత్తరంలో మీవారి గురించి నాలుగైదు చిన్న వాక్యాలే ఉన్నాయి. రెండు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషికి పండగ దగ్గరికొచ్చేకొద్దీ ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆయన ఇంకా పెద్ద నిచ్చెన ఎక్కలేకపోవచ్చు, కానీ కూర్చుని కొడుక్కి పని నేర్పగలరు. వెదురుబద్దలు, గాలిపటాలకి వాడే రంగు కాగితం తెచ్చుకుని ఇద్దరూ కలిసి ఒక స్టార్ కట్టమనండి. లోపల వాడి ఎల్ఈడీలు, బయట వాడు పెట్టిన స్విచ్. బ్యాటరీతోనే వెలగాలి. ఇంటి కరెంటుకి కలపకూడదన్న షరతు తండ్రి నోటి నుంచే రావాలి. ప్లాస్టిక్ స్టార్లు రాకముందు మన పల్లెల్లో క్రిస్మస్ స్టార్ ఇలాగే ఇంట్లో తయారయ్యేది. దాన్ని తెనాలి తీసుకెళ్లి నాయనమ్మ ఇంటి వసారాలో కట్టించండి. పెద్దనాన్న పిల్లల మధ్య “ఇది నేను చేశాను” అని వాడు చెప్పుకోవడానికి ఒకటి ఉంటుంది.

వాడికి ఈ పనులమీద ఆసక్తి లేకపోతే బలవంతం వద్దు. వెయ్యి లోపు షటిల్ బ్యాట్ల జత ఉంది, లైటూ స్టాప్‌వాచీ ఉన్న మామూలు డిజిటల్ వాచీ ఉంది. పేరున్న కంపెనీ స్మార్ట్ వాచీలా కనపడే నకలు మాత్రం కొనకండి. హైదరాబాద్ పిల్లలు ఒక్క చూపులో పట్టేస్తారు, మీవాడు మళ్లీ చెయ్యి వెనక్కి దాచుకుంటాడు.

పాప దగ్గరికి వద్దాం. ఆ చీటీ నన్ను కలవరపెట్టింది. క్రిస్మస్ తాత మంచి పిల్లలకి అడిగింది తెస్తాడని మనమే చెప్తాం. పక్కింటి అమ్మాయికి సైకిల్ వచ్చి, మన పాపకి రాకపోతే ఎనిమిదేళ్ల బుర్ర వేసుకునే లెక్క ఒకటే: నేను మంచిదాన్ని కాదు. పోయినేడు బొమ్మని దిండు కింద దాచినప్పుడు తను దాచుకున్నది ఆ సిగ్గునే కావచ్చు. అందుకని ఈ ఏడు నుంచి ఇంట్లో పద్ధతి మార్చండి. తాత తెచ్చేది ఎప్పుడూ చిన్నదే: రంగు పెన్సిళ్లు, ఒక బొంగరం, చాక్లెట్లు. పెద్ద కానుక అమ్మానాన్నలది. అమ్మానాన్నల దగ్గర ఎంత ఉందన్నదానికీ పాప మంచితనానికీ సంబంధం లేదని అప్పుడు తనకే అర్థమవుతుంది.

ఈ తాత కథకి మూలమైన సెయింట్ నికొలస్, ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరికి నాలుగో శతాబ్దంలో బిషప్. ముగ్గురు కూతుళ్లకి పెళ్లి చెయ్యలేని ఒక పేద తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రిపూట బంగారం మూటలు విసిరి వెళ్లాడని చెప్పుకుంటారు. పగలు ఇవ్వొచ్చుగా? ఆ తండ్రి నలుగురిలో తల దించుకోకూడదని రాత్రి వెళ్లాడు. పాపకి పడుకునేటప్పుడు ఈ కథ చెప్పండి.

సైకిల్ గురించి మాత్రం అబద్ధం వద్దు. “బుద్ధిగా ఉంటే వచ్చేడు తెస్తాడు” అనకండి. “సైకిల్ తాత పని కాదమ్మా, నాన్న కొనాలి. నాన్న చెయ్యి బాగయ్యాక, వేసవి సెలవుల్లోపు చూద్దాం” అనండి. మీ వీధిలో సైకిళ్లు బాగుచేసే అతనికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి. పిల్లల సైకిళ్లు రెండు మూడేళ్లకే పొట్టివైపోతాయి, మంచివి తక్కువలో అమ్మకానికి వస్తుంటాయి.

ఈ క్రిస్మస్‌కి తనకి ఇవ్వగలిగింది మీ కుట్టుమిషన్ మీదే ఉంది. పాప పండగ గౌను మీరే కుడుతున్నారుగా? మిగిలిన గుడ్డ పారెయ్యకండి. రెండు మూడు వందల్లో ఒక బొమ్మ కొని, దానికీ అచ్చం అదే గౌను కుట్టండి. అదే లేసు, అదే బొత్తాలు, వెనక అదే కుచ్చు. మీ ముక్కల మూటలోంచి ఇంకో రెండు గౌన్లు, ఒక లంగా జాకెట్టు, చిన్న దుప్పటి, భుజానికి సంచి. పాత చెప్పుల అట్టపెట్టెకి రంగు కాగితం అంటించి బీరువా చెయ్యమని అన్నకి చెప్పండి. పాప నిద్రపోయాక రోజుకొకటి కుట్టినా వారంలో అయిపోతుంది. తను వేసుకున్న గౌనే బొమ్మ కూడా వేసుకుని గుడికి వస్తే, ఆ బొమ్మ దిండు కిందికి పోదు. అలాంటిది హైదరాబాద్‌లో ఏ షాపులోనూ దొరకదు కూడా.

పుస్తకాలు మర్చిపోవద్దు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లున్నాయి. ఒక పూట తిరిగితే నూటయాభైలో నాలుగైదు కథల పుస్తకాలు ఏరుకోవచ్చు. కొత్తవే కావాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి, ధర మీలాంటివాళ్లకి అందుబాటులోనే ఉంటుంది.

బొంగరమంటే గుర్తొచ్చింది. లేపాక్షి హస్తకళల షోరూమ్‌కి వెళ్తే ఏటికొప్పాక బొంగరాలు చూడండి. అంకుడు కర్రకి లక్క రంగులు పట్టించినవి, గట్టిగా ఉంటాయి. కొండపల్లి బొమ్మలు మీకు దగ్గర్లోనివే, నాకెంతో ఇష్టం, కానీ తెల్లపొణికి కర్ర తేలిక. వాటిని అలమరలో పెట్టి చూసుకోవాలి, ఎనిమిదేళ్ల పాప చేతిలో నలిగితే విరుగుతాయి. ఫ్యాక్టరీలో చేసిన బొమ్మ కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. గుండీ బ్యాటరీలున్న బొమ్మ అయితే ఆ మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూసుకోండి. తెనాలిలో పసిపిల్లలు కూడా ఉండొచ్చు. ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

లెక్క నేనే వేశాను. బాబుకి 900, పాపకి పుస్తకాలూ తాత చిన్న కానుకా కలిపి 700. ఇద్దరూ ఆడుకోవడానికి చదరంగం బోర్డుకో వైకుంఠపాళికో 200. మిగిలిన 200 పిల్లల చేతికివ్వండి, చెరో వంద. నాయనమ్మకి ఏం కొనాలో వాళ్లే తేల్చుకుంటారు. చలికాలం కాబట్టి మేజోళ్లంటారేమో. తెనాలి ఇంట్లోకి మీ పిల్లలు పుచ్చుకునేవాళ్లుగానే కాక, ఇచ్చేవాళ్లుగా కూడా అడుగుపెడతారు.

ఇక ఆ తెనాలి హాలు. పోయినేడు పాపని బాధపెట్టింది బొమ్మ ధర కాదు, నాలుగు కానుకలు పక్కపక్కనే ఒకేసారి విప్పడం. కాబట్టి మీ పిల్లల కానుకలు 24 రాత్రి మీ ఇంట్లోనే విప్పించండి. తెల్లారేసరికి అవి వాళ్లకి ప్రియమైనవైపోయి ఉంటాయి. ఇంకొకరి ట్యాబ్ చూసినా వాటి విలువ పోదు. మీ తోటికోడలికి ఫోన్ చేసి, “అక్కా, ఈసారి తెనాలిలో పిల్లలందరికీ చీటీలు వేద్దామా? ఎవరి పేరొస్తే వాళ్లకి మూడొందల్లోపు ఒక్క కానుక. మిగతావి ఎవరింట్లో వాళ్లు ఇచ్చుకుందాం” అని అడగండి. ఆఫీసుల్లో ఆడే సీక్రెట్ శాంటాయే ఇది, ఆవిడకి తెలిసే ఉంటుంది. ఒప్పుకుంటే మంచిది, లేకపోయినా కష్టపెట్టుకోకండి. పిల్లల ముందు మాత్రం వాళ్లని “డాబు మనుషులు” అనొద్దు. పెద్దనాన్నకి ఆదాయం ఎక్కువ, వాళ్లు అలా కొనుక్కున్నారు, అంతే. అన్నీ చేశాక కూడా పాప ఏడిస్తే ఏడవనివ్వండి. “ఉన్నదాంతో తృప్తిపడాలి” అని ఆ క్షణంలో చెప్పకండి. దగ్గరికి తీసుకుని, “నీకూ కావాలనిపించింది కదూ” అనండి చాలు.

ఈ రాత్రే మీవారితో మాట్లాడండి. యాప్ గురించీ కమ్మల గురించీ దాచకుండా చెప్పండి. ఆయన తల దించుకుంటే ఒక సంగతి గుర్తుచెయ్యండి. ఏటా గుడిలో వినే కథలో బాలయేసుకి జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం అందరికీ గుర్తుంటాయి. అదే బిడ్డని దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు మరియ, యోసేపు అర్పించింది రెండు పక్షుల్ని. గొర్రెపిల్లని ఇచ్చుకోలేని ఇంటికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. లూకా తన సువార్తలో దాన్ని దాచకుండా రాశాడు.

20వ తేదీ దాటితే విజయవాడ బీసెంట్ రోడ్డు బజారులో కాలు పెట్టలేరు. ఈ వారంలోనే ఒక పొద్దున్న, ఎండెక్కకముందే వెళ్లండి. బాబుని వెంట తీసుకెళ్లి, చెల్లి బొమ్మ ఏదో వాణ్ణే ఎంచమనండి.