డ్రిల్లు మాస్టారి పోస్టుబాక్సు: రెండు జట్లూ సెకండే

ఈ పేజీకి పది ఉత్తరాలొస్తే ఏడు క్రికెట్ మీదే ఉంటాయి. అవి పక్క పేజీ వాళ్లకి ఇచ్చేస్తుంటాను. ఈసారి ఎవరు ఎవరికి చెప్పుకున్నారో గానీ, ఐదుగురు ఒకే ఫుట్‌బాల్ సీజన్ గురించి అడిగారు. 2022–23. మన హైదరాబాద్ జట్లు రెండూ, అంటే హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి డెక్కన్, రెండు వేర్వేరు లీగుల్లో, రెండో స్థానం దగ్గర ఆగిపోయిన ఏడాది. కాబట్టి పేజీ మొత్తం దానికే. క్రికెట్ వాళ్లు ఒక్క నెల ఓపిక పట్టండి.

ప్రశ్న: మాస్టారూ, ఆ ఏడాది ఐఎస్ఎల్‌లో ముంబై ఫస్టు అని మా అన్నయ్య, కోల్‌కతా వాళ్లు గెలిచారని నేను. అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. ఎవరిది రైటు? (అల్వాల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇద్దరిదీ రైటే. అందుకే మీ గొడవ తెగడం లేదు.

ఐఎస్ఎల్ అంటే ఇండియన్ సూపర్ లీగ్, దేశంలో పై స్థాయి ఫుట్‌బాల్ లీగు. అందులో ఆ ఏడాది 11 జట్లు. ప్రతి జట్టూ మిగతా పదింటితో సొంతూళ్లో ఒకటి, బయట ఒకటి ఆడింది. అంటే 20 మ్యాచ్‌లు. పట్టికలో పైనున్నవాళ్లకి లీగ్ షీల్డు. అది 46 పాయింట్లతో ముంబై సిటీది. ఆ తర్వాత మొదటి ఆరు జట్లకీ వేరే నాకౌట్ పెట్టి, అందులో గెలిచినవాళ్లని చాంపియన్ అన్నారు. మార్చి 18న గోవాలో కోల్‌కతా జట్టు ఏటీకే మోహన్ బగాన్, బెంగళూరుని పెనాల్టీల్లో ఓడించి ఆ కప్పు ఎత్తుకుంది. పట్టికలో వాళ్లకున్నవి 34 పాయింట్లే. ఏడాదంతా క్లాసు ఫస్టు వచ్చినవాడికి చిన్న షీల్డు, యానివర్సరీ రోజు పరుగుపందెం గెలిచినవాడికి పెద్ద కప్పు ఇచ్చినట్టు ఉంటుంది. నా ఓటు మీ అన్నయ్యకే. ఇరవై మ్యాచ్‌ల చెమట ముందు మూడు నాలుగు మ్యాచ్‌ల అదృష్టం ఎంత?

ఇంతకీ మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి మీరు అడగనే లేదు. 42 పాయింట్లు, రెండో స్థానం. ఫిబ్రవరి 14న ఇదే మోహన్ బగాన్‌ని గచ్చిబౌలిలో 1–0తో ఓడించారు, మన స్ట్రైకర్ ఒగ్బెచే గోలు. నెల తిరక్కుండా సెమీఫైనల్లో మళ్లీ వాళ్లే ఎదురయ్యారు. మార్చి 9న గచ్చిబౌలిలో 0–0. ఆ రోజు నేను మనవణ్ణి తీసుకెళ్లాను. ఇంటికొచ్చే దారిలో వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "తాతా, గోలు లేకపోతే టికెట్ డబ్బులు వెనక్కిస్తారా?" నాలుగు రోజులకి కోల్‌కతాలో ఎక్స్‌ట్రా టైమ్ కూడా ఆడి, మళ్లీ 0–0. రెండూ కలిపి 210 నిమిషాలు, ఒక్క గోలు లేదు. పెనాల్టీల్లో 4–3తో మనవాళ్లు పోయారు. ఒగ్బెచే కొట్టింది కూడా లోపలికి పోలేదు.

అంతకుముందు ఏడాది, 2022 మార్చి 20న, కేరళ మీద ఫైనల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. పెనాల్టీలు ఆ చేత్తో ఇచ్చాయి, ఈ చేత్తో లాక్కున్నాయి.

ప్రశ్న: సార్, శ్రీనిధి డెక్కన్ కూడా ఐ-లీగ్‌లో సెకండే కదా. వాళ్లని పైకి తీసుకుని ఉంటే హైదరాబాద్‌లో డెర్బీ (ఒకే ఊరి రెండు జట్ల పోటీ) ఉండేది. ఎందుకు తీసుకోలేదు? (మెహదీపట్నం, డిగ్రీ విద్యార్థి)

జవాబు: నువ్వు మెహదీపట్నంలోనే ఉంటావు కాబట్టి నీకు తెలిసే ఉంటుంది. అక్కడ మొయినాబాద్ వైపు బస్సెక్కి అజీజ్‌నగర్‌లో దిగితే వాళ్ల గ్రౌండు, డెక్కన్ అరీనా. ఆ సీజన్లో ఒక మధ్యాహ్నం నేనూ వెళ్లాను. కండక్టర్ నా తెల్ల జుట్టు చూసి "చిల్కూరా పెద్దాయనా?" అన్నాడు. మ్యాచ్‌కి అంటే, "ఏం మ్యాచ్?" అన్నాడు. ఐ-లీగ్ అన్నాను. టికెట్ చించి ఇచ్చాడు గానీ, ముఖం చూస్తే నమ్మినట్టు లేడు.

ఆ మాటకొస్తే ఈ జట్టుకున్నంత దగ్గర్లో వీసా బాలాజీ దేశంలో ఇంకే జట్టుకీ లేడు. అమెరికా వీసాకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూటెనిమిది. పక్కనే ఉండి కూడా వీళ్లకి ఐఎస్ఎల్ వీసా రాలేదు.

సరే, అసలు విషయం. మన ఫుట్‌బాల్‌ని అప్పటికి మూడంతస్తుల ఇల్లు అనుకో. పైన ఐఎస్ఎల్, మధ్యలో ఐ-లీగ్, కింద ఐ-లీగ్ 2. కింది రెండు అంతస్తుల మధ్య మెట్లుండేవి, ఎక్కడానికీ దిగడానికీ. ఆ ఏడాది ఢిల్లీ ఎఫ్‌సీ ఫస్టు, షిల్లాంగ్ లజాంగ్ సెకండు వచ్చి పైకెక్కాయి. సుదేవా ఢిల్లీ, ముంబై కెంకరే ఐ-లీగ్ నుంచి కిందికి దిగాయి. ఇక్కడిదాకా ప్రపంచంలో అందరూ చేసేదే.

పై అంతస్తుకి మాత్రం మెట్లుండేవి కావు, లిఫ్టు ఉండేది. అందులో ఏడాదికి ఒక్కరే పట్టేవారు, అది పైకే వెళ్లేది. 2019లో కౌలాలంపూర్‌లో ఆసియా ఫుట్‌బాల్ పెద్దలతో కూర్చుని రాసుకున్న ఒప్పందం ప్రకారం, 2022–23లో ఐ-లీగ్ గెలిచినవాళ్లు ఫ్రాంచైజీ ఫీజు కట్టకుండా ఐఎస్ఎల్‌కి వెళ్లొచ్చు. ఇదే మొదటిసారి. అంతకుముందు ఆటలో గెలిచి పైకి వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ లిఫ్టు రౌండ్‌గ్లాస్ పంజాబ్ ఎక్కింది. 12 జట్ల లీగులో 22 మ్యాచ్‌లకి 52 పాయింట్లు. వాళ్ల స్లొవేనియా స్ట్రైకర్ లూకా మైట్సెన్ ఒక్కడే 20 గోల్స్ కొట్టాడు. మన శ్రీనిధి బాగానే ఆడింది. అలాంటి వాళ్లు ఎదురైతే ఇంక సెకండే.

నాకు మండేది శ్రీనిధి ఆగిపోయినందుకు కాదు. అదే ఏడాది ఐఎస్ఎల్ అడుగున నార్త్ఈస్ట్ యునైటెడ్ ఉంది. 20 మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచి, 5 పాయింట్లతో. తర్వాతి ఏడాది కూడా దర్జాగా అక్కడే ఉంది. దిగే భయం లేనప్పుడు జనవరి తర్వాత అడుగున ఉన్నవాళ్లు ఎందుకు పరిగెత్తాలి? పరీక్ష లేదని ముందే చెప్పి పిల్లల్ని చదవమంటే చదువుతారా? ముప్పై ఏళ్లు బళ్లో చూశాను, చదవరు.

అయితే తమ్ముడూ, ఇది ఇంత గట్టిగా అనేసి నేనే నాలిక్కరుచుకోవాల్సి వచ్చింది. 2023–24లో ఐఎస్ఎల్ అడుగున ఉన్నది ఎవరనుకున్నావు? మన హైదరాబాద్ ఎఫ్‌సీనే. పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక కుర్రాళ్లతో నెట్టుకొచ్చి, 22 మ్యాచ్‌లకి 8 పాయింట్లు. అదే ఏడాది కింద శ్రీనిధి మళ్లీ సెకండు, ఈసారి ఫస్టు మొహమ్మదన్ స్పోర్టింగ్. అంటే దిగే మెట్లు కూడా ఉండి ఉంటే నీ డెర్బీ నీకు దక్కేది. పై అంతస్తులో కాదు, మధ్యలో. కావాలా మరి?

ఈ రెండు జట్లూ 2024 జనవరిలో, రెండు లీగుల వాళ్లూ ఆడిన సూపర్ కప్‌లో ఒకే గ్రూపులో పడ్డాయి. మనూరి జట్లు రెండూ ఎదురెదురు పడిన ఆ మ్యాచ్ ఎక్కడ జరిగిందో తెలుసా? భువనేశ్వర్‌లో.

ప్రశ్న: బెంగళూరుతో మ్యాచ్‌లో కేరళ వాళ్లు మధ్యలో గ్రౌండు వదిలి వెళ్లిపోయారు కదా. ఛెత్రీ గోలు న్యాయమేనా? రెఫరీగా చెప్పండి, అభిమానిగా వద్దు. (తార్నాక)

జవాబు: నేను కేరళ అభిమానిని కాదు, బెంగళూరు అభిమానిని అసలే కాదు. కాబట్టి భయం లేదు.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. 2023 మార్చి 3, బెంగళూరు కంఠీరవ, నాకౌట్ మ్యాచ్. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంగళూరుకి ఫ్రీకిక్ వచ్చింది. కేరళ వాళ్లు బంతికి అడ్డంగా వరసగా నిలబడి ఇంకా గోడ కట్టుకుంటున్నారు, గోల్‌కీపర్ గోడని సర్దుకుంటున్నాడు. ఈలోపు సునీల్ ఛెత్రీ మెల్లగా తన్నేశాడు. గోలు. రెఫరీ ఒప్పుకున్నాడు. కోచ్ తన ఆటగాళ్లని వెనక్కి పిలిచి తీసుకెళ్లిపోయాడు. ఆ తర్వాత కేరళ క్లబ్బుకి 4 కోట్ల జరిమానా, కోచ్‌కి 10 మ్యాచ్‌ల నిషేధం.

రూలు ఏమంటుందంటే, ఫ్రీకిక్ తన్నడానికి రెఫరీ ఈల అక్కర్లేదు. తప్పు చేసినవాడికి తీరిగ్గా సర్దుకునే హక్కు లేదు, దెబ్బ తిన్నవాడికి వెంటనే ఆడే హక్కు ఉంది. కానీ తన్నేవాడు "సార్, పది గజాలు" అని గోడని దూరం జరపమని అడిగినా, రెఫరీ తనే గోడని వెనక్కి జరపడం మొదలుపెట్టినా, కార్డు తీసినా లెక్క మారుతుంది. అప్పుడు "ఈల దాకా ఆగు" అని రెఫరీ చెప్పాలి, చేత్తో ఈల చూపించాలి. గొడవంతా ఇక్కడే. రెఫరీ ఈల దాకా ఆగమన్నాడా లేదా అన్నది రెఫరీకీ ఛెత్రీకీ తెలుసు, గ్యాలరీకి తెలియదు. అప్పటికి మన లీగులో వీడియో రెఫరీ కూడా లేడు, వెనక్కి తిప్పి చూసుకోవడానికి.

నాకూ ఒకసారి ఇదే జరిగింది. తొంభైల్లో సికింద్రాబాద్‌లో ఒక లీగు మ్యాచ్. ఏ జట్లో చెప్పను, ఇప్పటికీ బజార్లో కనపడతారు. ఫ్రీకిక్ ఇచ్చాను, పది గజాలు అడుగులు వేస్తూ గోడని జరుపుతున్నాను, వీపు బంతి వైపు. వెనక "గోల్!" అని అరుపు. తిరిగి చూస్తే బంతి వలలో ఉంది. గోలు ఇవ్వకూడదు, నేనే గోడ జరుపుతున్నాను కదా. కానీ కంగారులో ఈల ఊది సెంటర్ వైపు చెయ్యి చూపించేశాను. చూపించిన చెయ్యి ఎలా దించను? మ్యాచ్ అయ్యాక పంపుసెట్టు గదిలో గంటన్నర కూర్చున్నాను. మాలీ బయటి నుంచి తాళం వేసి, "సార్ ఇంటికెళ్లిపోయాడు" అని అందరికీ చెప్పాడు. అప్పట్నుంచి అడుగులు వెనక్కి నడుస్తూ వేయడం నేర్చుకున్నాను, బంతిని చూస్తూ.

కాబట్టి ఛెత్రీ తెలివిగా ఆడాడు, తప్పు లేదు. కానీ గ్రౌండు వదిలి వెళ్లడం మాత్రం తప్పే. నా మీద ఎంత కోపమొచ్చినా ఆ సికింద్రాబాద్ కుర్రాళ్లు ఆఖరి ఈల దాకా ఆడారు. ఆ తర్వాతే రాళ్లు తీశారు.

ప్రశ్న: మాస్టారు గారూ, మా నాన్నగారు రైల్వేలో చేసేవారు. "బలరాం మన అమ్ముగూడ వాడే" అని ఎప్పుడూ అనేవారు. ఆ సీజన్లోనే ఆయన పోయారని విన్నాను. నిజమేనా? (మౌలాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా. ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు, 86 ఏళ్లు. మోహన్ బగాన్ మీద మనవాళ్లు గెలిచిన రెండు రోజులకే.

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా రైటు. అమ్ముగూడలో పుట్టిన తమిళ కుటుంబం పిల్లాడు. ఆయన్ని చేరదీసింది మన రహీం సాబే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించిన కోచ్, సయ్యద్ అబ్దుల్ రహీం. బలరాం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లారు. అక్కడ ఇండియా నాలుగో స్థానం. 1960 రోమ్‌లో హంగరీ మీద గోలు కొట్టారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం. ఆ తర్వాతి ఏడాదే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి నిండా ఇరవై ఏడేళ్లు లేవు.

రైలు బొల్లారం వెళ్లేటప్పుడు అమ్ముగూడలో ఆగుతుంది కదా. ఈసారి ఆగినప్పుడు మీ పిల్లలకి చెప్పండి. మా స్కూల్లో నేను చెప్తే "క్రికెటరా సార్?" అని అడిగారు.

ప్రశ్న: శ్రీనిధి మా వైజాగ్ జట్టు. మీరు హైదరాబాద్ జట్టు అంటూ రాయడం అన్యాయం. (విశాఖపట్నం)

జవాబు: కాగితం మీద మీ మాట నిజం. 2020లో ఆ జట్టుకి ఐ-లీగ్ చోటు వచ్చింది విశాఖపట్నం పేరు మీదే. కానీ 2021–22లో వాళ్ల మొదటి సీజన్, కోవిడ్ వల్ల లీగు మొత్తాన్నీ బెంగాల్లోనే పెట్టారు. మూడో స్థానం వచ్చింది గానీ బీచ్ రోడ్డు చూడనే లేదు. సొంత గ్రౌండులో ఆడటం మొదలుపెట్టేసరికి 2022–23 వచ్చింది, గ్రౌండేమో అజీజ్‌నగర్‌లో ఉంది. పుట్టిన సర్టిఫికెట్ మీ దగ్గరుంది, రేషన్ కార్డు మా దగ్గరుంది. మీరొచ్చి మ్యాచ్ చూస్తానంటే మెహదీపట్నంలో బస్సు నేనెక్కిస్తాను. కండక్టర్‌కి మాత్రం మీరే చెప్పుకోవాలి.